మా నాన్నకు షుగరుంది, నాకు తప్పదా?

(కందుకూరులో విశ్రాంత ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, అమ్మలున్నారు, వెనక వరసల్లో కాలేజీ పిల్లలు కూడా కనిపిస్తున్నారు. పిల్లలు వచ్చినందుకు నాకు మరీ సంతోషంగా ఉంది. ఇవాళ నేను చెప్పబోయేది ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నవాళ్ళకన్నా వాళ్ళ పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

ఓపీలో నేను రోజూ రెండు మాటలు వింటాను. ఒకటి, “మా నాన్నకుంది, మా పెదనాన్నకుంది, నాకూ వస్తుంది, ఎట్లాగూ తప్పదు కదా సార్.” రెండోది, “మా వంశంలో ఎవరికీ లేదు సార్, నాకెట్లా వచ్చింది?” మొదటి మాట అనేవాళ్ళు చెయ్యగలిగింది కూడా చెయ్యడం మానేస్తారు. రెండో మాట అనేవాళ్ళు రిపోర్టు తప్పనుకుని ఇంకో ల్యాబుకి పోతారు. ఇద్దరూ వంశం సంగతే మాట్లాడుతున్నారు. వంశం ఎంతవరకు బాధ్యత వహిస్తుంది, ఎక్కడ దాని పని అయిపోతుంది అన్నదానికి ఈ 20 ఏళ్ళలో సైన్సు చాలా స్పష్టమైన లెక్కలు ఇచ్చింది. ఆ లెక్కలే మీ ముందు పెడతాను.

ముందు ఒక హద్దు పెట్టుకుందాం. చిన్నపిల్లలకు ఉన్నట్టుండి వచ్చి, మొదటి రోజు నుంచే ఇన్సులిన్ కావాల్సి వచ్చే టైప్ 1 గురించి ఇవాళ మాట్లాడను. పెద్దయ్యాక చాపకింద నీరులా వచ్చే టైప్ 2 గురించే మాట్లాడతాను. మన దేశంలో షుగరు అంటే నూటికి తొంభైమందికి పైగా ఇదే. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు వచ్చాయి. దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. షుగరు అంచుమీద ఉన్నవాళ్ళు, మేం ప్రీడయాబెటిస్ అంటామే, వాళ్ళు 13.6 కోట్ల మంది. నాకు రెండో అంకె గురించే బాధ ఎక్కువ. వాళ్ళలో చాలామందికి తాము అంచుమీద ఉన్నట్టే తెలియదు. తెలిస్తే వెనక్కి రావచ్చు.

ఇప్పుడు “మా వంశంలో లేదు” అన్న మాట సంగతి. అలా అన్నవాళ్ళను నేను కూర్చోబెట్టి, ఓపీ చీటీ వెనక్కి తిప్పి వంశవృక్షం గీస్తాను. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా. అమ్మా నాన్న, వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పైన తాతా అవ్వా. ఒక్కొక్కరి పేరు మీద పెన్ను పెట్టి అడుగుతాను. “ఈ అవ్వ ఎట్లా పోయింది?” “కాల్లో ముల్లు దిగి పుండైంది సార్, ఎన్నాళ్ళకీ మానలా, చివరికి కాలు నల్లబడింది.” “ఈ పెదనాన్న?” “కళ్ళు కనపడకుండా పోయినాయి, ఆ తర్వాత కిడ్నీలు పోయినాయి.” “ఈ మేనత్త?” “ఆమెకు ప్రతి కాన్పులో బిడ్డ బరువుగా పుట్టేది, నాలుగు కిలోలకు పైనే. ఒక బిడ్డ కడుపులోనే పోయింది.” అడిగేకొద్దీ సున్నాలు, చతురస్రాలు నల్లబడుతూ వస్తాయి. ఇవన్నీ షుగరుకే జరిగాయని అన్నిసార్లూ చెప్పలేం గానీ, మానని పుండు, చూపు పోవడం, కిడ్నీలు పోవడం ఒకే ఇంట్లో కనిపిస్తే అక్కడ షుగరు ఉండి ఉంటుందని అనుమానించాల్సిందే. ఆ రోజుల్లో రక్తం పరీక్ష చేయించినవాళ్ళెవరు? వంశంలో జబ్బు లేక కాదు, ఎవరూ చూడక తెలియలేదు.

దయచేసి ఇంటికి పోయాక ఈ పని మీరే చెయ్యండి. ఒక తెల్లకాగితం, పెన్ను, ఇంట్లో అందరికన్నా పెద్దావిడ ఉంటే చాలు. ఆమె ఉండగానే అడగండి.

అమ్మ వైపు నుంచి వచ్చిందా, నాన్న వైపు నుంచి వచ్చిందా అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు కూడా ఉంటారు. ఆ ప్రశ్న వెనక చాలా ఇళ్ళలో చాలా కన్నీళ్ళుంటాయి. కోడలి పుట్టింట్లో షుగరుందని పెళ్ళయ్యాక తెలిస్తే ఆ పిల్లను జీవితాంతం సాధిస్తారు. అందుకే సంబంధాల దగ్గర దాచిపెడతారు, దాచిపెట్టి మందులు కూడా చాటుగా వేసుకుంటారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరుంది. 1948 నుంచి ఆ ఊరి జనం ఆరోగ్యాన్ని, తర్వాత వాళ్ళ పిల్లల ఆరోగ్యాన్ని వరసగా నమోదు చేస్తూ వస్తున్నారు. ఆ పిల్లల లెక్కలు 2000లో ప్రచురించారు. తల్లికి షుగరుంటే బిడ్డకు ముప్పు 3.4 రెట్లు. తండ్రికి ఉంటే 3.5 రెట్లు. ఇద్దరికీ ఉంటే ఆరు రెట్లు. చూశారా, అమ్మకూ నాన్నకూ తేడా ఏమైనా ఉందా? ఈ జబ్బులో ఎవరి పుట్టింటినీ నిందించే పని లేదు.

మేనరికం వల్ల వస్తుందా అని కూడా అడుగుతారు, మన జిల్లాల్లో మేనరికాలు ఎక్కువ కాబట్టి. కొన్ని అరుదైన జబ్బులకు మేనరికం కారణమవుతుంది, అందులో సందేహం లేదు. టైప్ 2 షుగరు ఆ కోవలోది కాదు. అయితే భార్యాభర్తలిద్దరూ ఒకే వంశం వాళ్ళై, ఆ వంశంలో షుగరు బలంగా ఉంటే పిల్లలకు రెండు వైపుల నుంచీ భారం వస్తుంది. అంతవరకే.

ఇక జన్యువుల్లోకి వద్దాం. మన డీఎన్ఏలో 300 కోట్ల అక్షరాలుంటాయి. ఇక్కడ కూర్చున్న ఏ ఇద్దరిని తీసుకున్నా వెయ్యిలో దాదాపు 999 అక్షరాలు ఒకటే. మిగిలిన ఆ ఒక్కటీ మారుతుంది. ఆ తేడాల్లో చాలావాటి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్ని మాత్రం షుగరు వైపు కాస్త మొగ్గేలా చేస్తాయి.

వాటిలో అన్నిటికన్నా బలమైనది 2006లో బయటపడింది. ఐస్‌లాండ్‌లోని డీకోడ్ అనే సంస్థ పట్టుకుంది. 10వ క్రోమోజోము మీద ఉండే ఆ జన్యువు పేరు టీసీఎఫ్7ఎల్2. ఆ పేరు మీకు గుర్తుండక్కర్లేదు. దాని పని తీరు మాత్రం గుర్తుపెట్టుకోండి. ముప్పు తెచ్చే అక్షరం ఒక కాపీ ఉంటే షుగరు వచ్చే అవకాశం సుమారు 40 శాతం పెరుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తే దాదాపు రెట్టింపు. ఐస్‌లాండ్ వాళ్ళ సంగతి మనకెందుకు అనుకుంటారేమో. మరుసటి ఏడాది, 2007లో, మన హైదరాబాదులోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త గిరిరాజ్ చందక్ బృందం, పుణె వైద్యులతో కలిసి, భారతీయుల్లో కూడా ఇదే జన్యువు ఇంతే బలంగా పనిచేస్తోందని చూపించారు. ఆ అక్షరం మనలో అరుదేమీ కాదు. ఈ హాల్లోనే చాలామందికి కనీసం ఒక కాపీ ఉంటుంది. ఉన్నవాళ్ళందరికీ షుగరు రాదు, లేనివాళ్ళందరూ తప్పించుకోరు.

అది చేసే నష్టమేమిటంటే, పొట్టలోని పాంక్రియాస్ అనే గ్రంథి నుంచి, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ అవసరానికి తగ్గట్టు రాకుండా కొంచెం తగ్గిస్తుంది. ఈ ఒక్క విషయం అర్థం కావడానికి మన మెట్ట పొలాల్లో బోరు మోటారును తలచుకోండి. మూడు హార్స్‌పవర్ మోటారు రెండెకరాలకు ఇబ్బంది లేకుండా నీళ్ళు అందిస్తుంది. అదే మోటారుతో ఎనిమిదెకరాలు తడపాలని రాత్రింబగళ్ళు నడిపితే కొన్నాళ్ళకు కాయిల్ కాలిపోతుంది. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఆ మోటారు లాంటివి. కొందరం పుట్టుకతోనే కొంచెం తక్కువ హార్స్‌పవర్‌తో వస్తాం. పొట్టలో, లివర్‌లో కొవ్వు పేరుకునేకొద్దీ, ఒంట్లో కండ తగ్గేకొద్దీ తడపాల్సిన ఎకరాలు పెరుగుతాయి. అందుకే ఒకే పొట్ట ఉన్న ఇద్దరిలో ఒకరికి 38 ఏళ్ళకే షుగరు వస్తుంది, ఇంకొకరికి 70 దాటినా రాదు.

2007 నుంచి ఒకేసారి వేలమంది డీఎన్ఏ మొత్తం జల్లెడ పట్టే పరిశోధనలు మొదలయ్యాయి. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనం 25 లక్షలమందికి పైగా మనుషుల సమాచారం చూసింది. డీఎన్ఏలో 611 చోట్ల షుగరుతో ముడిపడ్డ తేడాలు దొరికాయి, విడివిడిగా లెక్కేస్తే 1,289. వీటిలో చాలావరకు ఒక్కొక్కటి తెచ్చే ముప్పు ఐదు, పది శాతం మించదు. కాబట్టి “షుగరు జన్యువు” అని ఒకటేదో ఉందనుకోకండి. వందల చిన్న తేడాలు, ప్రతి మనిషిలో వేరే వేరే కలయికలో ఉంటాయి. నా దగ్గర కొన్ని ఉన్నాయి, మీ దగ్గర కొన్ని ఉన్నాయి. అసలు ఒక్కటీ లేని మనిషి ఉండడు.

అన్నీ ముప్పు తెచ్చేవే కావు. ఎస్ఎల్‌సీ30ఏ8 అనే జన్యువుంది, బీటా కణాల్లో ఇన్సులిన్ నిలవుండే సంచుల్లోకి జింకు చేరవేస్తుంది. దాని ఒక కాపీ పనిచెయ్యకుండా పోయినవాళ్ళకు షుగరు ముప్పు 65 శాతం తక్కువని 2014లో తేలింది. జన్యువు చెడిపోతే మేలు జరగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. కొత్త మందుల కోసం వెతికేవాళ్ళకు ఇలాంటివే దారి చూపిస్తాయి.

కొన్నిచోట్ల ఒకే తేడా చాలా పెద్ద దెబ్బ తీస్తుంది. గ్రీన్‌లాండ్‌లో ఉండే ఇనూయిట్ ప్రజల్లో టీబీసీ1డీ4 అనే జన్యువులో ఒక మార్పుంది, రెండు కాపీలూ అదే వస్తే షుగరు ముప్పు పదిరెట్లు. ఇనూయిట్ ప్రజల్లో తప్ప అది ఇంకెక్కడా దాదాపుగా కనిపించదు. ఐరోపా వాళ్ళలో కొంత రక్షణ ఇచ్చే పీపార్-గామా అనే జన్యువులోని మార్పు మన దక్షిణాసియా వాళ్ళకు ఆ రక్షణ ఇవ్వడం లేదని చెన్నై శాస్త్రవేత్తలు 2006లోనే రాశారు. అంటే ఐరోపా లెక్కలు తెచ్చి మనకు అతికిస్తే కుదరదు. మన జనం డీఎన్ఏ మనమే చదువుకోవాలి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద 10,000 మంది భారతీయుల జన్యుపటాలు సిద్ధం చేసి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మన పిల్లల్లో ఎవరైనా బయాలజీ, కంప్యూటర్లు రెండూ ఇష్టపడేవాళ్ళుంటే, చెయ్యాల్సిన పని అక్కడ చాలా ఉంది.

ఇంత చెప్పాక మీకు సహజంగా వచ్చే ఆలోచన ఒకటుంది. ఆన్‌లైన్‌లో ఉమ్మి పంపిస్తే జన్యుపరీక్ష చేసి, షుగరు వస్తుందో రాదో చెప్తామంటున్నారు, చేయించుకుందామా అని. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. టైప్ 2 కోసం ఆ డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఫ్రామింగ్‌హామ్ వాళ్ళే 2008లో ఈ ప్రశ్న అడిగి జవాబు చెప్పారు. ఒక మనిషి వయసు, బరువు, బీపీ, రక్తంలో కొవ్వు, ఫాస్టింగ్ షుగరు (పరగడుపున చూసే చక్కెర), కుటుంబంలో జబ్బు, ఇవన్నీ లెక్కేసి ఎవరికి షుగరు వస్తుందో అంచనా కట్టారు. అంచనా అచ్చంగా సరిపోతే 1, గుడ్డిగా చెప్పినట్టయితే 0.5 అనుకోండి. వాళ్ళకు 0.900 వచ్చింది. దానికి 18 జన్యుతేడాల సమాచారం కలిపి మళ్ళీ లెక్కేశారు. 0.901 వచ్చింది. అంతే. ఇప్పుడు 18 బదులు వందలు, వేలు కలిపి స్కోర్లు తయారుచేస్తున్నారు, అవి మెరుగవుతున్నాయి కూడా. కానీ వాటిలో చాలావరకు ఐరోపా జనం డేటా మీద కట్టినవి. మీరు కాగితం మీద గీసిన వంశవృక్షం, నడుముకు చుట్టిన టేపు, వంద, రెండొందల రూపాయల రక్తపరీక్ష, ఈ మూడూ ఇవాళ్టికి మీకు అంతకన్నా ఎక్కువ చెప్తాయి.

ఇక్కడ ఇంకో సంగతి. తల్లిదండ్రుల నుంచి వచ్చేవన్నీ జన్యువులే కావు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఊళ్ళలో గర్భిణుల దగ్గర నుంచి మొదలుపెట్టి పుట్టిన బిడ్డల్ని కొలిచారు. అక్కడ బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. మన బిడ్డ సన్నగా ఉంది, కండ తక్కువ, కాని చర్మం కింద కొవ్వు మాత్రం తెల్లబిడ్డతో దాదాపు సమానంగా ఉంది. తల్లి తిండి, తల్లి రక్తంలో చక్కెర, ఆమెకు గర్భంలో దొరికిన విశ్రాంతి, ఇవన్నీ బిడ్డ ఒంటి తీరును నిర్ణయిస్తాయి. ఇదే డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన ప్రొఫెసర్ యుడ్‌కిన్ కలిసి 2004లో తమ ఇద్దరి ఫోటో పక్కపక్కన పెట్టి లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, ఒకటే, 22.3. యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. బయటికి చూస్తే ఇద్దరూ సన్ననివాళ్ళే. “నేను లావు లేను కదా సార్” అని మనవాళ్ళు నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికి నేను ఈ ఉదాహరణే వాడతాను.

అందుకే బరువు కన్నా నడుము చుట్టుకొలత చూడమంటాను. క్లినిక్‌లో ఇది రోజూ జరిగేదే. “నడుమెంత?” అంటే “34 సార్, ప్యాంటు సైజు అదే” అంటారు. ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు. టేపు బొడ్డు మీదుగా పెట్టి, ఊపిరి వదలమని చూస్తే 39 ఉంటుంది. మన దేశపు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పైఐదున్నర అంగుళాలు దాటకూడదు. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, ముప్పైఒకటిన్నర అంగుళాలు. కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంట్లో టేపు ఉంటుంది. ఇంట్లో అందరికీ కొలవండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. జన్యువులు అవే ఉండి, బతుకు మారితే ఏమవుతుంది? పీమా అనే ఆదివాసీ తెగ ఉంది. కొందరు అమెరికాలోని అరిజోనాలో ఉంటారు, కొందరు సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో మైకోబా అనే చోట వ్యవసాయం చేసుకుంటారు. రక్తం ఒకటే. 2006లో వచ్చిన లెక్కల ప్రకారం అరిజోనా పీమాల్లో 38 శాతం మందికి షుగరు. మెక్సికో పీమాల్లో 7 శాతం లోపు. ఒళ్ళు వంచి పని, పొలంలో పండిన తిండి, నడక. తేడా అంతా అక్కడుంది.

మన కందుకూరు, కనిగిరి, పామూరు వైపు మెట్ట ఊళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే ఇదే కథ చెప్తారు. సజ్జ సంగటి, జొన్నన్నం, వరిగన్నం తిని, పొగాకు నారు నాటిన దగ్గర నుంచి ఆకు కొట్టి, కర్రలకు కట్టి, బ్యారన్‌కు ఎక్కించేదాకా పొద్దుగూకులూ కష్టపడ్డవాళ్ళు. తెల్లన్నం పండక్కి. వాళ్ళ కొడుకులూ మనవళ్ళూ మూడు పూటలా తెల్లన్నం, దోసె, ఇడ్లీ, సాయంత్రం బజ్జీ. పక్క వీధికి కూడా బండి. జన్యువులు తాతవే. నేను తాత కాలానికి వెనక్కి పొమ్మనడం లేదు, ఆ కాలంలో ఆకలీ ఉంది, బిడ్డల చావులూ ఉన్నాయి. సజ్జలు, కొర్రలు తింటే షుగరు మాయమవుతుందని చెప్పేవాళ్ళను కూడా నమ్మొద్దు. కొర్రన్నం కూడా కంచం నిండా పెట్టుకుంటే చక్కెర పెరుగుతుంది. కంచంలో అన్నం తగ్గాలి, పప్పు, కూర, ఆకుకూర, చేప పెరగాలి. నెల్లూరు చేపల పులుసు ఎంతో మంచి కూర, దానికింద పెట్టుకునే అన్నం దగ్గరే జాగ్రత్త. ఉలవపాడు మామిడిపండు కూడా అంతే, షుగరు అదుపులో ఉన్నవాళ్ళు ఒక ముక్క, రెండు ముక్కలు తినొచ్చు, అన్నం తిన్న వెంటనే కాయ మొత్తం కాదు.

ఇది నా మాటగా తీసుకోవద్దు, పరీక్ష పెట్టి చూసిన మాట. అమెరికాలో 3,234 మంది అంచుమీద ఉన్నవాళ్ళను మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపు వారానికి 150 నిమిషాలు నడక, ఒంటి బరువులో 7 శాతం తగ్గింపు. రెండో గుంపుకి షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర. మూడో గుంపుకి ఉత్తుత్తి మాత్ర. 2002లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళతో పోలిస్తే నడక గుంపులో కొత్తగా షుగరు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ గుంపులో 31 శాతం. 2006లో వాళ్ళ రక్తంలోనే, ఇందాక చెప్పిన టీసీఎఫ్7ఎల్2 జన్యువు చూశారు. ఉత్తుత్తి మాత్ర గుంపులో రెండు చెడ్డ కాపీలు ఉన్నవాళ్ళకు, ఒక్కటీ లేనివాళ్ళకన్నా ముప్పు 80 శాతం ఎక్కువ. నడక గుంపులో ఆ తేడా 15 శాతానికి పడిపోయింది. అంటే పుట్టుకతో వచ్చిన లోటు నడిచిన కాళ్ళ ముందు చాలావరకు నిలబడలేకపోయింది. వంశంలో షుగరుంది కాబట్టి నడిచి లాభమేముంది అనేవాళ్ళు ఈ ఒక్క లెక్క వినాలి. లాభం ఎక్కువ కనిపించేది వాళ్ళకే.

మనవాళ్ళ మీద కూడా చేశారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితం చెప్పింది. ఏమీ చెయ్యనివాళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో 39 శాతం మందికి. వాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు కూడా, అయినా ఫలితం దక్కింది. బరువు తగ్గలేదని నడక మానేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ లెక్కలో ఇంకో నిజం కూడా ఉంది, దాచను. అన్నీ చేసినా నూటికి 39 మందికి వచ్చింది. అలా వచ్చినవాళ్ళను “నువ్వు సరిగ్గా చెయ్యలేదు” అని తిట్టకండి. వాళ్ళు ఎంతో కొంత ఆలస్యం చేసుకున్నారు, ఆ ఆలస్యమే కళ్ళను, కిడ్నీలను కాపాడుతుంది.

మీ ముప్పు మీరే లెక్కేసుకోవడానికి చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ఒక స్కోరు తయారుచేసింది. మొత్తం 100 మార్కులు, ఎక్కువ వస్తే ముప్పు ఎక్కువ. వయసు 35 నుంచి 49 అయితే 20, 50 దాటితే 30. నడుము మగవాళ్ళకు 90 నుంచి 99 సెంటీమీటర్లయితే 10, వంద, ఆపైన అయితే 20; ఆడవాళ్ళకు 80 నుంచి 89కి 10, తొంభై, ఆపైన అయితే 20. వ్యాయామమూ లేక, కూర్చుని చేసే పనైతే 30. వ్యాయామం గానీ, ఒళ్ళు వంచే పని గానీ ఏదో ఒకటుంటే 20. రెండూ ఉంటే సున్నా. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60, అంతకు మించితే ముప్పు ఎక్కువ.

ఒక లెక్క చేసి చూద్దాం. బజారులో కొట్టు నడిపే 45 ఏళ్ళాయన. నాన్నకు షుగరుంది. నడుము 94 సెంటీమీటర్లు. పొద్దుటి నుంచి రాత్రి దాకా గల్లా దగ్గర కూర్చునే ఉంటాడు. 20, 10, 30, 10, మొత్తం 70. ఆయన రోజూ నడక మొదలుపెట్టి, నడుము 90 లోపుకి తెచ్చుకుంటే? 20, సున్నా, 20, 10, మొత్తం 50. నాన్న ఇచ్చిన 10 అలాగే ఉంది, దాన్ని ఎవరూ చెరపలేరు. కానీ ఆయన ప్రమాదపు గీత కిందికి దిగాడు. ఈ స్కోరులో వంశానికి ఎక్కువలో ఎక్కువ 20 మార్కులు, నడుముకు, కదలికకు కలిపి 50.

అందువల్ల నేను అడిగేది ఇది. ఇంట్లో ఒకరికి షుగరు అని తేలిందంటే అది మిగతా అందరికీ వచ్చిన కబురు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పాతికేళ్ళు దాటిన పిల్లలు వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ఫాస్టింగ్ 100 నుంచి 125 మధ్య ఉంటే అంచుమీద ఉన్నట్టు, 126, ఆపైన ఉంటే మళ్ళీ చేయించి నిర్ధారించుకోవాలి. రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అయితే 5.7 నుంచి 6.4 అంచు, 6.5 నుంచి షుగరు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకు హెచ్‌బీఏ1సీ కొంచెం తప్పుగా చూపించవచ్చు, వాళ్ళు ఫాస్టింగ్, తిన్న తర్వాత షుగరు కూడా చూపించుకోవాలి. గర్భంలో షుగరు వచ్చి కాన్పయ్యాక పోయిందని మర్చిపోయిన అమ్మలకు తర్వాత టైప్ 2 వచ్చే ముప్పు ఏడు రెట్లకు పైనే. ఆ అమ్మలు ఏటా చేయించుకోవాలి. 30 దాటినవాళ్ళకు సర్కారు వైపు నుంచి ఊళ్ళోనే పరీక్ష చేస్తారు, ఆశా కార్యకర్తను అడగండి.

(ఒక తల్లి లేచి అడిగిన ప్రశ్న: “మా చెల్లెలి కూతురికి 21 ఏళ్ళు సార్. సన్నగా ఉంటుంది. షుగరు వచ్చింది, ఇన్సులిన్ ఇస్తున్నారు. మా చెల్లెలికి 24 ఏళ్ళకే వచ్చింది, మా అమ్మకు కూడా చిన్నప్పుడే. ఇది ఏ రకం?”)

చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇందాక జన్యుపరీక్ష వద్దన్నాను కదా, మీ పాప లాంటి వాళ్ళకు మాత్రం దాని గురించి ఆలోచించాలి. మూడు తరాల్లో వరసగా, పాతికేళ్ళలోపే, సన్నగా ఉన్నవాళ్ళకు వచ్చిందంటే మోడీ అనే రకం కావచ్చు. పేరు చూసి ఇంకేమీ అనుకోవద్దు, ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలవి. ఇందులో వందల చిన్న తేడాలు కావు, ఒక్క జన్యువులోని ఒక్క మార్పే జబ్బు తెస్తుంది, తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఏ జన్యువో తెలిస్తే వైద్యమే మారిపోతుంది. గ్లూకోకైనేజ్ జన్యువైతే ఫాస్టింగ్ కొంచెం ఎక్కువగా ఉండి అక్కడే ఆగిపోతుంది, చాలామందికి మందే అక్కర్లేదు. హెచ్ఎన్ఎఫ్1ఏ అయితే చిన్న మోతాదు సల్ఫొనైల్‌యూరియా అనే షుగరు మాత్రకే బాగా లొంగుతుంది. పుట్టిన ఆరు నెలల్లోపే షుగరు వచ్చిన పసిబిడ్డల్లో కొందరికి కేసీఎన్‌జే11 అనే జన్యువులో మార్పుంటుంది, వాళ్ళను ఇన్సులిన్ నుంచి మాత్రకు మార్చగలుగుతున్నారు.

కానీ మీ పాపకు టైప్ 1 కూడా అయి ఉండొచ్చు, నేను చూడకుండా చెప్పకూడదు. ముందు వాళ్ళ డాక్టరును గ్యాడ్ యాంటీబాడీ (టైప్ 1 ఉందేమో చూసేది), సీ-పెప్టైడ్ (ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది) పరీక్షల గురించి అడగండి. యాంటీబాడీలు లేకుండా, సీ-పెప్టైడ్ బాగా ఉంటే అప్పుడు జన్యుపరీక్ష. చెన్నైలో ఇందాక చెప్పిన ఫౌండేషన్‌లో చేస్తారు, మనకు రైల్లో నాలుగైదు గంటల దూరం. పోయేటప్పుడు మీ అమ్మగారివి, చెల్లెలివి, పాపవి, ముగ్గురి పాత రిపోర్టులు, ఎవరికి ఏ వయసులో తేలిందో రాసిన కాగితం తీసుకెళ్ళండి. ఫలితం వచ్చి, డాక్టరు చెప్పేదాకా ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపనివ్వకండమ్మా.